నాయినా, దిగు

ఆదివారం పొద్దున స్కూటీ వెనక మా నాయినను కూర్చోబెట్టుకుని బొంబాయి రోడ్డు మీద కాంటా కాంటాకూ తిరిగిన రోజుల గురించి ఎవరైనా అడిగితే, "ఏదో సాఫ్ట్‌వేర్ పంచిపెట్టాం లెండి" అని తేల్చేస్తుంటాను. అసలు సంగతి చెప్పాలంటే ముందు కాంటా ఏమిటో, లైబ్రరీ ఏమిటో చెప్పాలి. ఆ రెండూ చెప్పేసరికే వినేవాళ్ళకు ఆవలింతలొస్తాయి. వినేవాళ్ళకేం, చెప్పీ చెప్పీ నాకే వస్తాయి.

పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. ఇంటర్నెట్ అంటే ఇంకా గంటకింత అని కట్టి నెట్ సెంటర్‌లో కూర్చునే కాలం. మా గేటు లోపల లారీలను తూచే కాంటా ఉండేది. నేలకు సమంగా ఒక పెద్ద ఇనుప పలక. దాని మీదికి ఖాళీ లారీ ఎక్కుతుంది, సరుకు నింపుకుని మళ్ళీ ఎక్కుతుంది. రెంటికీ తేడా ఎంతో సరుకు అంత. పక్క గదిలో ఒక డబ్బా మీద అంకెలు వెలుగుతాయి, క్లర్కు చూసి రాసుకుంటాడు. నేను చేసిందల్లా ఆ డబ్బా నుంచి కంప్యూటర్‌కు వైరు లాగి, అంకెలను కంప్యూటరే చదువుకునేలా కోడు రాయడం. చెప్పినంత తేలిక కాదు. ఒక్కో కంపెనీ డబ్బా ఒక్కో తీరుగా అంకెలు పంపుతుంది. ఒకటి వెనక నుంచి ముందుకు పంపుతుంది, ఇంకొకటి మధ్యలో చెత్తంతా కలిపి పంపుతుంది. వాటి వేషాలన్నీ తెలిసిన కోడు అది. లైబ్రరీ అంటే అదే. తనంతట తాను నడిచే ప్రోగ్రాం కాదు, ప్రోగ్రాం రాసుకునేవాళ్ళు తెచ్చి తమ దాంట్లో బిగించుకునే ముక్క. ఇల్లు కాదు, ఇంటికి పెట్టుకునే తలుపు.

దాన్ని దాచుకోకుండా అందరికీ విప్పి పెట్టాలని ఎందుకనిపించిందంటే, నెట్‌లో అలా పెట్టేవాళ్ళ గురించి చదవడం సగం కారణం, మా నాయిన సగం.

మాది సుల్తాన్‌పూర్ దిక్కు ఊరు. నా చిన్నప్పుడు చెరుకు వేసేవాళ్ళం. చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బండ్లు కాంటా ఎక్కేముందు మా ఊరివాళ్ళకు ఒక అలవాటు ఉండేది. తన బరువు తనకు తెలిసిన మనిషి ఒక్కడే ముందు పలక మీద నిలబడాలి. కాంటా ఆయన బరువు సరిగ్గా చూపిస్తేనే బండ్లు కదులుతాయి. లేకపోతే అక్కడే లొల్లి. మా ఊరికి ఆ మనిషి మా నాయిన. అరవై కిలోలు. సీజను మొదలయ్యేముందు షావుకారి దుకాణానికి పోయి, బస్తాలు తూచే పెద్ద తక్కెడలో ఒక దిక్కు తాను కూర్చుని, రెండో దిక్కు రాళ్ళు వేయించుకుని చూసుకునేవాడు. అరవై దాటిందా, ఇగ రాత్రి అన్నం బంద్. చెరుకు సీజనులోనే పెండ్లిళ్ళు కూడా వచ్చేవి. బంతిలో బగారన్నం రెండోసారి పెట్టబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"ఊరి తూకం రాయి, పెరగొద్దు పాపం" అని మా అమ్మ ఎక్కిరించేది.

డబ్బా లోపల ఏముందో చూపించనివాడికి మన సరుకు ఎట్లా ఒప్పజెప్పాలన్నది ఆయన అనుమానం. ఆ అనుమానం నాకూ అంటింది. తూకం లోపల ఏం జరుగుతుందో ఎవరైనా విప్పి చూసుకునేలా ఉండాలనుకున్నాను. నేనంత గొప్ప మనిషినని కాదు, అది విని విని పెరిగాను, అంతే.

కోడు పరీక్షించేటప్పుడు మా సార్‌ను అడిగి నాయినను ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాను. రుమాలు సర్దుకుని పలక ఎక్కాడు. బయట గోడకు పెట్టిన ఎర్ర అంకెల బోర్డు మీద అరవై వచ్చింది. మురిసిపోయాడు. మురిసిపోయి ఇగ దిగడే! కోడు మొదలు కావాలంటే పలక ఖాళీగా ఉండాలి, సున్నా రావాలి. కిటికీలోంచి అరిచాను. లారీ ఇంజను మోతలో ఆయనకు వినపడలేదు. విసుగొచ్చి, సున్నా రావలసినచోట మనిషంత బరువు కనపడితే కోడు ఆగిపోయి తెర మీద ఒక మాట చూపించేలా రాసేశాను. తెలుగు అక్షరాలు అప్పుడు ఆ కంప్యూటర్‌కు రావు. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాను: నాయినా, దిగు.

తర్వాత చూస్తే అది నిజంగానే పనికొచ్చింది. డ్రైవర్లు, క్లీనర్లు పలక మీద నిలబడి ముచ్చట్లు పెట్టడం రోజూ ఉండేదే, ఎవరు నిలబడినా తూకం చెడిపోతుంది. మాట మార్చి మర్యాదగా ఇంగ్లీషు ముక్క ఏదైనా పెట్టి ఉండొచ్చు. మార్చబుద్ధి కాలేదు.

మా సార్ గుంటూరు వైపాయన, చెడ్డవాడు కాదు. కోడు నెట్‌లో పెడతానంటే, "పెట్టుకోమ్మా, ఎవరికి కావాలి?" అని ఒప్పుకున్నాడు. పెట్టాను. ఎవరికీ అక్కర్లేదని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. ఇంతలో ఫ్యాక్టరీకి కొత్త కాంటా తెప్పిస్తారని తెలిసింది. సార్ పిలిచాడు.

"చూడమ్మా, బయట ఒక్కరైనా నీ కోడు వాడుతున్నారని చూపించు, కొత్తదానికీ అదే పెడదాం. లేదంటే ప్యాకేజీ కొంటాం. మన ఇంట్లో వండుకున్నది బాగుందని మనమే అంటే పైవాళ్ళు ఒప్పుకోరు."

ఒక్కరు. ఆ ఒక్కరి కోసమే ఇంత తిరుగుడు.

ముందు నెట్‌లోనే వెతికాను. డ్యూటీ దిగి నెట్ సెంటర్‌కు పోయి, ఎలా వాడాలో పేజీలు పేజీలు రాశాను. కోడు రాయడానికి పట్టిన కాలం కంటే దాన్ని వాడండి బాబూ అని రాయడానికే ఎక్కువ పట్టింది. ప్రోగ్రాంలు రాసేవాళ్ళు మాట్లాడుకునేచోటల్లా పోయి చెప్పాను. ఒకాయన ఏ దేశం నుంచో, దీంతో పశువులను తూచవచ్చా అని అడిగాడు. నేను రెండు సాయంత్రాలు కూర్చుని పెద్ద జవాబు రాశాను. ఆయన మళ్ళీ కనపడలేదు. ఇంకొకరు నాలుగు తప్పులు ఎత్తి చూపించారు. తప్పులున్నాయంటే వాడినట్టే కదా అని సంబరపడి అడిగితే, "లేదు, ఊరికే చదివాను" అన్నారు.

సంగారెడ్డిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళను బతిమాలి పిల్లలకు చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు. చివరికి ఒకమ్మాయి లేచి, "దీంతోటి జాబ్ వస్తదా మేడమ్?" అంది. ఆ అమ్మాయి తప్పేముంది. నాకున్న జాబే ఉంటుందో లేదో అని నేనే తిరుగుతున్నాను.

ఇక మిగిలింది రోడ్డు. పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్, రుద్రారం, కంది దాకా రోడ్డు పొడుగునా కాంటాలే. చాలావాటిలో అప్పుడప్పుడే కంప్యూటర్లు వస్తున్నాయి. మా ఆయనకు షిఫ్టు డ్యూటీ, ఆదివారం లేస్తే మధ్యాహ్నమే. లారీల మధ్య ఒక్కదాన్నీ తిరిగితే బాగుండదని నాయిన వస్తానన్నాడు. ఊరి నుంచి పొద్దున్నే దిగేవాడు. తెల్ల ధోతి, తెల్ల అంగీ, ఇస్త్రీ చేసిన రుమాలు. కోడు ఎక్కించిన సీడీల సంచి ఆయన ఒళ్ళో, వైర్ల సంచి నా కాళ్ళ దగ్గర.

మొదటి కాంటా దగ్గర నేను స్కూటీకి స్టాండు వేసేలోపే నాయిన పోయి పలక ఎక్కి నిలబడ్డాడు. ఎర్ర బోర్డు వంక చూశాడు. అరవై. తల ఊపి దిగాడు. నేను వైర్ల సంచి పట్టుకుని గదిలోకి పోయాను. కాంటా ఆయన అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

"కూసోండి మేడమ్. కూల్‌డ్రింక్ తెప్పిస్త. మాది స్టాంపింగ్ మొన్ననే అయ్యింది, గిదో, సీల్ సూడుండ్రి."

నేను తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌ను కానని చెప్పాను. కంప్యూటర్‌లో పెట్టుకునే కోడు ఇవ్వడానికి వచ్చానన్నాను. ఎంత అన్నాడు. ఊరికే అన్నాను. అంతే, ఆయన ముఖంలో ఉన్న కాస్త రంగూ పోయింది.

"ఫ్రీ అంటే మాకు తెల్వదా మేడమ్? ఇయ్యాల ఫ్రీ అంటరు, రేపు నోటీసొస్తది. ఆ పెద్దమనిషి ఎక్కి సూసిండు గద, మా తూకంల తప్పేమన్న ఉన్నదా?"

పెద్దమనిషి మా నాయిన అంటే నమ్మలేదు. ఇన్‌స్పెక్టర్ వెంట తండ్రి ఎందుకు వస్తాడన్నది ఆయన లెక్క. నేను ఇన్‌స్పెక్టర్‌ను కాను అన్నది ఆ లెక్కలోకి రానేలేదు.

రెండో కాంటాలో కొబ్బరిబోండాం ఇచ్చారు. మూడోచోట మేం పోయేసరికి షట్టరు దించి ఉంది, లోపల ఫ్యాను తిరుగుతోంది. "కరెంట్ లేదు" అన్నాడు గేటు దగ్గర మనిషి. ఆ తర్వాతి ఆదివారాల్లో మా స్కూటీ కనపడితే చాలు, షట్టర్లు దిగేవి. ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవాళ్ళు కాబోలు. నాయినను పలక ఎక్కొద్దని ఎన్నిసార్లు చెప్పానో.

"తూకం సూడకుంట కాంటా ఆయనతోటి ఏం మాట్లాడ్తవు బిడ్డా?" అనేవాడు. ఆయనకు అది పరీక్ష కాదు, గుమ్మం దగ్గర చెప్పులు విడిచినంత మామూలు సంగతి. నేను నెత్తి కొట్టుకునేదాన్ని.

సంగారెడ్డి మార్కెట్‌లో ధాన్యం వ్యాపారం చేసే ఒక షావుకారి మాత్రం మమ్మల్ని చూసి భయపడలేదు. మా ఊరి షావుకారికి చుట్టం, మేమెవరమో ఆయనకు తెలుసు. శ్రద్ధగా విన్నాడు. "బస్తాకింత అని తరుగు తీసేదున్నదా దీన్ల?" అన్నాడు.

లేదు గానీ మీరు పెట్టుకోవచ్చు, కోడు తెరిచే ఉంటుందన్నాను.

"తెరిచి ఉంటదంటే, ఎంత తీస్తున్ననో రైతుకు గిట్ల కనపడ్తదా?"

"చూడాలనుకుంటే కనపడ్తది."

"అయితే మనకొద్దు బిడ్డా. చాయ్ తాగి పోండ్రి." కోపంగా అనలేదు, ఆప్యాయంగానే అన్నాడు. చాయ్ కూడా బాగుంది.

ఆఖరికి కాంటాలకు ప్యాకేజీలు రాసి అమ్మే ఆఫీసు ఒకటి సికింద్రాబాద్‌లో ఉందంటే, సెలవు పెట్టి నాయిన, నేను బస్సెక్కి పోయాం. ఇలాంటి వాళ్ళ కోసమే కదా లైబ్రరీ రాసింది. యజమాని ముందు సీడీ పెట్టి, ఏ డబ్బా ఎలా అంకెలు పంపుతుందో, నా కోడు ఎలా చదువుతుందో గొంతు ఆరిపోయేలా చెప్పాను. మీ ప్యాకేజీలో పెట్టుకోండి, పెట్టుకున్నామని ఒక్క మాట నాకు చెప్పండి చాలు అన్నాను.

"మా దాంట్లో అన్నీ ఉన్నాయి మేడమ్. సరే, తీరిక ఉన్నప్పుడు చూస్తాం" అన్నాడాయన. చాయ్ గ్లాసు ఎత్తి నా సీడీ మీద పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు బాలానగర్ దాటాక నాయిన, "ఆయన సూస్తడంటవా?" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఊరికే ఇస్తానంటే ఇంత మంది కాదనడం ఎంత అలసటో నాకు ఆ రోజే తెలిసింది. అమ్ముతూ తిరిగినా ఇంతకంటే పరువు ఉండేది.

ఆ తర్వాత తిరగడం మానేశాను. నాయినకూ మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి, బస్సెక్కడం తగ్గించాడు. అమ్మ పోయినప్పటి నుంచి వంట కూడా తనే చేసుకునేవాడు. నేను ఊరికి పోయినప్పుడల్లా గుమ్మంలోనే అడిగేవాడు.

"ఎవలన్న తీస్కున్నరా బిడ్డా?"

"లేదు నాయినా."

రెండేళ్ళో ఎంతో గడిచాక కొత్త కాంటా వచ్చింది. సార్ నన్ను అడగలేదు, నేనూ ఆయన్ని అడగలేదు. ప్యాకేజీకి ఆర్డరు పోయింది. బిగించడానికి సికింద్రాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు, మెడలో కంపెనీ కార్డు, చేతిలో పెట్టె. నా కంప్యూటర్‌లోంచి నా కోడు తీసేసి ఆయనకు చోటు ఇవ్వమన్నారు. ఇచ్చాను. పక్కన నిలబడి నేర్చుకోమన్నారు. నిలబడ్డాను.

ప్యాకేజీ తెరుచుకుంది. రంగురంగుల బొమ్మలు, పైన కంపెనీ పేరు, నా సీడీ మీద చాయ్ గ్లాసు పెట్టినాయనదే. బయట మా పాత డ్రైవరు ఒకాయన, యూపీ మనిషి, పలక మీద నిలబడి బీడీ ముట్టించుకుంటున్నాడు. తెర ఆగిపోయింది. మధ్యలో ఒక గడి, అందులో ఇంగ్లీషు అక్షరాలు: నాయినా, దిగు.

నేను చదివాను. మళ్ళీ చదివాను. బిగించడానికి వచ్చినాయన నా వైపు చూడకుండానే కిటికీలోంచి తల బయట పెట్టి, "నాయినా, దిగు!" అని అరిచాడు. డ్రైవరు నవ్వి, "హా హా, నాయినా దిగు" అంటూ పక్కకు దిగాడు.

"ఇదేంది?" అన్నాను.

"అది మా ప్యాకేజీల ముందుకెల్లి ఉన్నది మేడమ్. ఎవలు పెట్టిన్రో తెల్వది. తీసేద్దామంటే కాంటాలోళ్ళు వద్దన్నరు. హిందీ డ్రైవర్లకు గూడ అలవాటైపోయింది, ఆ మాటంటే దిగుతరు."

"ఎన్ని చోట్ల ఉంది మీ ప్యాకేజీ?"

"ఈ రోడ్డంత మాదే మేడమ్. జహీరాబాద్ దాక."

అంటే నన్ను చూసి షట్టర్లు దించినవాళ్ళంతా! కోపం వచ్చింది, నవ్వు వచ్చింది. రెంటికీ ఓపిక లేక కుర్చీలో కూర్చుండిపోయాను. తర్వాత నా పాత సీడీ ఒకటి పెట్టి, ఆ మాట ఉన్న వరుస సార్‌కు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. అర్థమైంది ఆయనకు. కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నాడు.

"ఇప్పుడేం చేస్తామమ్మా, ఆర్డరు అయిపోయింది. పోనీలే, నీ కోడే అంటే గట్టిదే కదా. గేటు వాళ్ళకు ట్రైనింగ్ నువ్వే ఇచ్చేయ్."

సికింద్రాబాద్ ఆఫీసుకు మెయిలు రాశాను. జవాబు రాలేదు. రెండోది రాయలేదు.

ఆ ఆదివారం ఊరికి పోయాను. నాయిన మంచంలో ఒరిగి ఉన్నాడు. నన్ను చూసి లేచి అదే మాట అడిగాడు.

"తీస్కున్నరు నాయినా" అన్నాను. "రోడ్డంత తీస్కున్నరు. నాకు చెప్పలేదంతే." సంగతంతా చెప్పాను. చాయ్ గ్లాసు ఆయన అన్నప్పుడు నాయిన తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. చివరిదాకా విని అడిగాడు.

"మరి దిగుతున్నరా?"

"ఏంది?"

"కాంటా మీదికెల్లి. దిగుమంటే దిగుతున్నరా జనం?"

"దిగుతున్నరు."

చూస్తానన్నాడు. మోకాళ్ళు వద్దన్నా వినలేదు. ఇస్త్రీ రుమాలు తీసి చుట్టుకుని స్కూటీ ఎక్కాడు. వెనక మనిషి కూర్చున్నట్టే లేదు నాకు, ఎక్కాడో లేదో అని ఒకసారి తిరిగి చూశాను. ఇస్నాపూర్ దగ్గర, ఒకప్పుడు కరెంట్ లేదన్న కాంటా ముందే ఆపాను. షట్టరు తెరిచే ఉంది. లోపల కొత్త క్లర్కు, మేమెవరమో తెలియదు.

నాయిన మెల్లగా పోయి పలక మీద నిలబడ్డాడు. తల ఎత్తి ఎర్ర బోర్డు వంక చూశాడు. ఇంతలో గదిలోంచి కేక వినపడింది.

"నాయినా, దిగు!"

ఆయన తిరిగి నన్ను చూశాడు. ముఖమంతా నవ్వే. కానీ దిగలేదు. మళ్ళీ బోర్డు వంక చూశాడు, కళ్ళు చిట్లించి చూశాడు. నేనూ చూశాను. నలభై అయిదు.

దిగి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. నవ్వు పోయింది.

"దీన్ల ఏదో తప్పున్నది బిడ్డా. తక్కువ సూపెడ్తున్నది. నాది అరవై గద."

తప్పు లేదు. ఆ కోడులో ప్రతి వరుసా నాకు తెలుసు.

"ఎవలన్న మోసపోతరు. ఇంటికి పోయినంక సరిగ్గ సూడు" అన్నాడు.

"సూస్త నాయినా" అన్నాను.